ఐదో ప్రశ్న

బీపీ పట్టీ విప్పకుండానే కాగితం తీశాను.
పది ప్రశ్నలు. ఐదు నిమిషాలు.
"పన్ను లెక్కా?" అన్నాడు ఎల్గుజా.
"కాదు, తాగుడు లెక్క."
"అయితే అలజాని లోయ మొత్తం రాసుకో,
నా పేరు చివర్న రాయి."

నేను నవ్వలేదు. తిట్టనూ లేదు.
కొత్తలో తిట్టేదాన్ని.
కాలేయం బొమ్మ చూపించి బెదరగొట్టేదాన్ని.
వాళ్ళు బుద్ధిగా తలూపి
గడప దాటగానే నా ఆరోగ్యం పేరు చెప్పి
ఒకటి పుచ్చుకునేవాళ్ళు.

మొదటిది: ఎన్నాళ్ళకోసారి?
"రొట్టె ఎన్నాళ్ళకోసారి తింటావు, డాక్టరమ్మా?"

రెండోది: తాగిన రోజున ఎన్ని గ్లాసులు?
ఇక్కడ తడబడ్డాడు.
అతను మా ఊరి విందుపెద్ద. ముప్పై ఏళ్ళుగా
బల్ల మొదట్లో నిలబడి మాట అందుకునేది అతనే.
గ్లాసులెరగడు, మాటలెరుగు.
శాంతికొకటి, పోయినవాళ్ళకొకటి,
పోయినవాళ్ళు వదిలి వెళ్ళిన పిల్లలకొకటి,
బల్ల దగ్గరికి రాని వంటింటివాళ్ళకొకటి...
వేళ్ళు మడుస్తూ పోయాడు,
చాలక నా వేళ్ళు అరువడిగాడు.
పద్నాలుగు దగ్గర కిటికీలోంచి బయటికి చూశాడు.
మెడదాకా భూమిలో పాతిన కాగులు,
తాతలనాటివి.
"కాగుకు అడుగుంటుందని తెలుసు," అన్నాడు.
"ఎప్పుడూ చూడలేదు."

మూడు, నాలుగు త్వరగానే అయ్యాయి.

ఐదోది: మీరు చేసి తీరాల్సిన పని
తాగుడు వల్ల చేయలేకపోయారా, ఈ ఏడాదిలో?

"లేదు."
పట్టీలో మిగిలిన గాలి బుస్సుమంది.
"ఉషంగి నలభయ్యో రోజు," అన్నాడు.
"నా ఈడువాడు. ఇద్దరం ఒకే ట్రాక్టరు మీద నేర్చుకున్నాం.
లేచాను. గ్లాసెత్తాను. ఊరంతా నావైపే చూస్తోంది.
పేరు రాలేదు.
మన స్నేహితుడికి, అని గట్టెక్కాను.
వాడి కూతురికి మాత్రం తెలిసిపోయింది."

పెన్ను కాసేపు కింద పెట్టాను.

మొత్తం పదిహేడు.
ఇది తీర్పు కాదన్నాను, వానకొలత లాంటిది:
ఎంత కురిసిందో చెబుతుంది,
కురిసినందుకు మబ్బును తిట్టదు.
"తగ్గించడానికి, పదికి ఎంత సిద్ధంగా ఉన్నారు?"
"మూడు."
"సున్నా ఎందుకు కాదు?"

టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు.
"పేరు," అన్నాడు.

ఏం చేస్తారో మీరే చెప్పండన్నాను.
సోమ, మంగళవారాలు కాగు మూత తీయడట.
పొద్దుటి చాచా మానేస్తాడట,
అది చలికే గాని దాహానికి కాదట.
విందులో చిన్న గ్లాసు. మాట మాత్రం తగ్గించడట.
"మందేమీ రాయవా?" అన్నాడు లేస్తూ.
"ఇంతసేపూ మాట్లాడింది మందు గురించేగా."
నెల తర్వాత రమ్మని చీటీ రాసిచ్చాను.
వస్తాడో రాడో.

అతని అడుగులు మెట్లు దిగాక
తలుపు దగ్గర గుడ్డసంచీతో ఝూజునా, అతని భార్య.
మొగుడి మాత్రలకోసం వచ్చిందనుకున్నాను.
లోపలికొచ్చి తలుపు దగ్గరకు వేసి
ఇంకా వెచ్చగా ఉన్న కుర్చీలో కూర్చుంది.
పన్నెండేళ్ళుగా మోకాళ్ళకని వస్తోంది నా దగ్గరికి.
చక్కెర అడిగాను, నిద్ర అడిగాను,
మనవల దగ్గుల గురించి కూడా అడిగాను.

బల్లమీది కాగితం వైపు చూసి
"అది మగవాళ్ళకేనా?" అంది.

కొత్తది తీశాను.
మొదటి ప్రశ్నకు గొంతు సర్దుకుంటుంటే
"నేను కాఫీ కప్పులో పోసుకుంటాను," అంది.
"దాన్ని ఎన్ని గ్లాసులని రాస్తావు?"